షికాగో ఎంత దూరం?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి షికాగో ఓహేర్ విమానాశ్రయానికి 13,280 కిలోమీటర్లు. ఫోన్లో ఎక్కడ కొట్టి చూసినా కాస్త అటూఇటూగా ఇదే అంకె వస్తుంది. పెద్ద విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది కాబట్టి పద్నాలుగు ముప్పావు గంటల్లో దిగిపోవాలి. కానీ కూతురి పురిటికని బయల్దేరే తల్లి టికెట్ చూడండి. ఒకదాని మీద 22 గంటలుంటుంది, ఇంకోదాని మీద 26. చవగ్గా దొరికిందని కొన్నదాని మీద 30 దాటినా దాటుతుంది. వెళ్లేటప్పుడు పట్టినంత సేపు వచ్చేటప్పుడు పట్టదు. నిరుడు పోయిన దారిలో ఈ ఏడు విమానం పోదు.

దూరం ఎప్పుడూ ఒక్కటే, మారుతున్నదంతా సమయమే. అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో కిలోమీటర్ల సంగతి ఎవరూ అడగరు. ఎన్ని గంటలు కూర్చోవాలి, ఎక్కడ మారాలి అన్నదే ప్రశ్న. ఆ గంటలు ఎక్కడ పెరుగుతాయో, ఎవరి చేతిలో ఉంటాయో తెలిస్తే టికెట్ కొనే తీరే మారుతుంది.

గ్లోబు మీద దారం

ఊరికీ ఊరికీ మధ్య దూరం అంటాం గానీ విమానాల లెక్కలో ఊళ్లు లేవు. ప్రతి విమానాశ్రయానికీ రన్‌వేల నడిమి భాగంలో ఒక కొలత బిందువు ఉంటుంది. శంషాబాద్ బిందువు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఓహేర్‌ది 41.98 ఉత్తరం, 87.90 పడమర. ఈ రెంటినీ కలుపుతూ భూమి వంపు మీద గీయగలిగిన అతి పొట్టి గీత పొడవే 13,280 కిలోమీటర్లు. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి పోయే దూరం, ఓహేర్ నుంచి పక్క ఊరు అరోరా దాకా కారులో పోయే కిలోమీటర్లు ఇందులో లేవు.

ఆ గీత ఎటు పోతుందో చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. బడి గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో అమెరికా మనకు ఎడమవైపున ఉంటుంది. అరేబియా, ఐరోపా, ఆ తర్వాత అట్లాంటిక్ దాటి పడమటికి పోవాలని మనసులో పడిపోయింది. గ్లోబు తీసుకుని హైదరాబాద్ మీద దారం ఒక కొస, షికాగో మీద మరో కొస పెట్టి బిగించి లాగండి. దారం పడమటికి పోదు, దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి ఎక్కుతుంది. పంజాబ్ దాటి, జమ్మూ పక్కగా కారకోరం కొండల మీదికి పోతుంది. తజికిస్థాన్, కజకిస్థాన్, రష్యాలో ఉరల్ పర్వతాలు, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవులు వరసగా తగులుతాయి. అక్కడ ఉత్తర ధ్రువానికి మిగిలేది 1,200 కిలోమీటర్ల చిల్లర. అటుపైన గ్రీన్‌లాండ్ ఉత్తర భాగం మీదుగా కిందికి దిగి, కెనడాలో హడ్సన్ అఖాతం దాటి షికాగో చేరుతుంది. అంటే మే నెల ఎండల్లో బయల్దేరినా దారిలో సగం మంచు మీదే.

ఇంకో విచిత్రం. ఢిల్లీ ఈ దారానికి 130 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి అక్కడి నుంచి షికాగో పోతే మొత్తం దూరం పది కిలోమీటర్లు కూడా పెరగదు. దోహా మీదుగా అయితే 1,100 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 800 కిలోమీటర్లు పెరుగుతుంది. పదమూడు వేల పైచిలుకు దూరంలో అదేమంత ఎక్కువ కాదు. కాబట్టి మధ్యలో ఆగడం వల్ల దారి బాగా పెద్దదవుతుందన్న మాట నిలవదు. పెరిగే సమయంలో ఎక్కువ భాగం నేల మీద పెరిగేదే. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

చక్రం కదిలినప్పటి నుంచి

హైదరాబాద్ నుంచి విజయవాడ గన్నవరానికి గగనమార్గంలో 264 కిలోమీటర్లు. టికెట్ మీద గంటకు అటూఇటూగా వేస్తారు. ఢిల్లీకి 1,266 కిలోమీటర్లు, దాదాపు ఐదు రెట్లు. టికెట్ మీద సమయం రెండుంబావు గంటలే. దూరం ఐదింతలైనా సమయం రెండింతల దగ్గరే ఆగిందంటే కారణం, ప్రతి ప్రయాణంలోనూ దూరంతో పని లేని భాగం ఒకటి ఉండటమే. వైమానిక సంస్థలు లెక్కించేది గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మెలు తీసి విమానాన్ని వెనక్కి నెట్టినప్పుడు గడియారం మొదలవుతుంది, అవతల మళ్లీ దిమ్మెలు పెట్టినప్పుడు ఆగుతుంది. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం, పైకెక్కడం, దిగే ముందు చక్కర్లు కొట్టడం అన్నీ అందులోవే. వీటికి తోడు సంస్థలు కొన్ని నిమిషాలు ముందుజాగ్రత్తగా కలుపుతాయి. అందుకే ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా ఒక్కోసారి సమయానికే దిగుతుంది.

ఓహేర్‌లో ఎనిమిది రన్‌వేలున్నాయి. దూరంగా ఉన్నదాని మీద దిగితే గేటు దాకా రావడానికే పావుగంట పైన పట్టొచ్చు. చలికాలంలో అక్కడి నుంచి బయల్దేరేవాళ్లకు మరో పని ఉంది. రెక్కల మీద పేరుకున్న మంచును వేడి ద్రావణం చిమ్మి కడిగితే గానీ విమానం లేవకూడదు. మంచు జోరుగా కురిసే రోజున ఆ వరసలోనే గంట గడిచిపోతుంది. కిటికీ అద్దం మీద జారే ఆ చిక్కటి ద్రవాన్ని చూసి ఏమైందోనని కంగారుపడే పెద్దవాళ్లకు పిల్లలు ముందే చెప్పి పంపడం మంచిది.

గాలి తీసుకునే లెక్క

భూమికి 10, 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గాలి ఏరులా పారుతుంటుంది. దీని పేరు జెట్ స్ట్రీమ్. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. దీన్ని శ్రద్ధగా కొలిచిన తొలి మనిషి జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి. 1920లలో బెలూన్లు ఎగరేసి లెక్కలు కట్టాడు. లోకమంతా చదవాలని ఎస్పరాంతో భాషలో నివేదిక అచ్చువేశాడు. ఆ భాష తెలిసినవాళ్లు తక్కువ కావడంతో ఎవరికీ పెద్దగా పట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి పోయిన అమెరికా బాంబర్లు ఆ గాలికి చిక్కి గురి తప్పాక గానీ దాని బలం అందరికీ తెలిసిరాలేదు.

పడమటికి పోవడమంటే వరద గోదావరికి ఎదురు పడవ వేయడమే. అందుకే దోహా నుంచి షికాగో వెళ్లేదాని కన్నా, షికాగో నుంచి దోహా వచ్చేటప్పుడు గంటకు పైగా తగ్గుతుంది. 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను గాలి వెనక నుంచి తోస్తుంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో దిగింది. మామూలుగా పట్టేది ఆరు గంటల పైనే.

ఈ గాలిని నమ్ముకుని మనవాళ్లు చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా మొదట అట్లాంటిక్ మీదుగా నడిపేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దిశ మార్చి తూర్పుగా, పసిఫిక్ మీదుగా పోయింది. దారి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటలకు దిగి, దాదాపు రెండు గంటలు ఆదా అయింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ముందుగా చేరడం! కిలోమీటర్లు చూసి గంటలు ఊహించేవాళ్లకు ఇంతకన్నా పెద్ద జవాబు ఉండదు.

షికాగోలో రాసుకున్న ఒప్పందం

ఎదురుగాలికన్నా కఠినమైనది సరిహద్దు గీత. మన దారం పోయే దేశాల పేర్లు మళ్లీ చదవండి. పాకిస్థాన్ ఏలుబడిలో ఉన్న కొండలున్నాయి, రష్యా ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే అమెరికా, ఐరోపా, కెనడా సంస్థలకూ రష్యాకూ మధ్య ఆకాశం మూతపడింది. భారత్, గల్ఫ్ సంస్థలకు మాత్రం రష్యా మీదుగా దారి ఉంది. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసి, ఆ నిషేధాన్ని నెలనెలా పొడిగిస్తూ వచ్చింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు ఆగకుండా పోయే ఎయిరిండియా విమానాలు కొన్ని దక్షిణంగా అరేబియా సముద్రం మీదికి దిగి చుట్టు తిరిగి, ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. గల్ఫ్ మీదుగా వెళ్లే హైదరాబాదీకి ఆ దెబ్బ పెద్దగా తగల్లేదు. ఢిల్లీ దారి పట్టినవాళ్లకు తగిలింది. దారం పక్కనే ఉన్న ఢిల్లీ, దారం తెగితే ఎందుకూ కొరగాకుండా పోయింది.

ఒక దేశం ఆకాశానికి తలుపు పెట్టుకునే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? షికాగో నుంచే. 1944 నవంబర్‌లో 52 దేశాల ప్రతినిధులు ఆ నగరంలోని స్టీవెన్స్ హోటల్లో కూర్చున్నారు. యుద్ధం ఇంకా ముగియలేదు, అయినా రాబోయే కాలంలో విమానాలు ఎలా తిరగాలో చర్చించుకున్నారు. డిసెంబర్ 7న ఒక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాని మొదటి అధికరణమే ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై పూర్తి సార్వభౌమాధికారం ఉందని ఒప్పుకుంటుంది. విమానయాన లోకంలో దాన్ని ఇప్పటికీ షికాగో ఒప్పందం అనే పిలుస్తారు. హైదరాబాద్ నుంచి షికాగోకి ఎన్ని గంటలన్నది తేల్చే కాగితం మీద షికాగోలోనే సంతకాలు పడ్డాయన్నమాట.

దారి తెరిచే ఉన్నా, కొండలు ఊరుకోవు. విమానంలో గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే పది వేల అడుగులకు దిగాలి. ప్రయాణికుల మాస్కుల్లో ప్రాణవాయువు సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాలే వస్తుంది. కింద కారకోరం శిఖరాలు ఇరవై వేల అడుగుల పైన ఉన్నప్పుడు దిగేదెక్కడికి? అందుకే ఆ ఎత్తైన నేల మీదుగా పోవాల్సి వస్తే, పక్కకు తప్పుకునే దారులు ముందే గీసుకోవాలి. ధ్రువం దగ్గరికి పోయాక చలి. జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి సిబ్బంది ట్యాంకుల్లోని వేడిని కనిపెడుతూ ఉండాలి. రెండు ఇంజిన్ల విమానం ఏ క్షణానైనా ఒక ఇంజిన్‌తో చేరగలిగేంత దూరంలో ఏదో ఒక విమానాశ్రయాన్ని ఉంచుకోవాలి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా 777 ఇంజిన్‌లో ఇబ్బంది వస్తే రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. ఇంకో విమానం వచ్చి తీసుకుపోయే దాకా 200 మందికి పైగా ప్రయాణికులు అక్కడే ఉన్నారు. ఈ లెక్కలన్నీ చూశాకే ఆ దారం దారిగా మారుతుంది.

ఒకసారి వచ్చి పోయిన విమానం

నిజంగానే ఒకప్పుడు హైదరాబాద్ నుంచి షికాగోకి ఆగకుండా విమానం నడిచింది. 2021 జనవరిలో ఎయిరిండియా మొదలుపెట్టింది. వారానికొకటి. 238 సీట్ల బోయింగ్ 777-200ఎల్ఆర్. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువం మీదుగా బెంగళూరుకు అందరూ మహిళా పైలట్లే నడిపిన విమానం వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్ పక్కన కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. శంషాబాద్ నుంచి షికాగోకి ఒకే సీట్లో కూర్చుని దిగొచ్చని ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లు సంతోషించాయో! ఆ సర్వీసు ఎక్కువకాలం నిలవలేదు.

అలాంటి విమానం నడపడం ఖర్చుతో కూడిన పని. 777-200ఎల్ఆర్ ట్యాంకుల్లో లక్షా 81 వేల లీటర్ల ఇంధనం పడుతుంది. 2005 నవంబర్‌లో హాంగ్‌కాంగ్ నుంచి తూర్పుగా లండన్‌కు 21,602 కిలోమీటర్లు ఆగకుండా పోయి రికార్డు సృష్టించిన రకం అది. అయితే అంత ఇంధనం మోయడానికే మళ్లీ ఇంధనం కాలుతుంది. ప్రయాణం ఎంత పొడుగైతే ఆ వృథా అంత పెరుగుతుంది. పైగా ఆ రోజుల్లో ఎయిరిండియా దగ్గర ఈ రకం మూడే మిగిలాయి, ఐదు అప్పటికే అమ్మేసింది. వాటిలో ఒకటి మొరాయిస్తే ఇంకోటి దొరకదు.

అయినా నా అభిప్రాయం ఒకటే. హైదరాబాద్‌కు అమెరికా నాన్‌స్టాప్ అవసరమే. ఇది డబ్బున్నవాళ్ల సౌకర్యం అనుకోవడం పొరపాటు. వాళ్లు ఏ దారిన పోయినా లాంజ్‌లో కాళ్లు చాపుకుంటారు. మధ్యలో దిగడం భారమయ్యేది అరవై, డెబ్బై దాటిన తల్లిదండ్రులకు. శంషాబాద్ డిపార్చర్స్ దగ్గర ఏ రాత్రి నిలబడి చూసినా వాళ్లే కనిపిస్తారు. తూకంలో 23 కిలోలు దాటిన పెట్టె నేల మీద తెరిచి, ఆవకాయ డబ్బా ఇందులోంచి తీసి అందులో పెడుతుంటారు. కొత్త చీర కొంగు మెడ చుట్టూ కప్పుకున్న తల్లి చేతిసంచిలో మడతపెట్టిన కాగితం ఒకటుంటుంది. కొడుకు ఇంగ్లిష్‌లో రాసి పంపినది. నాకు ఇంగ్లిష్ రాదు, నేను ఫలానా విమానం ఎక్కాలి, దయచేసి గేటు చూపించండి, ఇది మా అబ్బాయి నంబరు. దాని కిందే తెలుగులో ఆమెకు జాగ్రత్తలు. చక్కగా నడవగల మనిషికి కూడా వీల్‌చైర్ బుక్ చేస్తున్నారంటే కారణం కాళ్లు కాదు, దారి చూపే మనిషి తోడుంటాడని. తెల్లవారుజామున రెండింటికి దోహాలోనో దుబాయ్‌లోనో వరస కుర్చీల మధ్య కూర్చుని, తన పేరు ఎప్పుడు పిలుస్తారోనని ఆ కాగితం పట్టుకుని మూడు గంటలు చూసే తల్లికి, ఆ మూడు గంటలే పద్నాలుగు గంటల గగన ప్రయాణం కన్నా పెద్దవి. ఇంధనం ఆదా లెక్కల్లో ఆ మూడు గంటల బరువు ఎవరూ కట్టరు, కట్టాలి.

షికాగో దారి మనకు కొత్తదేం కాదు. వివేకానందుడు 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తన పశ్చిమ దేశ యాత్ర గురించి ప్రసంగించాడు. మే 31న బొంబాయిలో ఓడెక్కి, కొలంబో, సింగపూర్, హాంగ్‌కాంగ్, జపాన్ మీదుగా వాంకోవర్‌లో దిగి, రైల్లో షికాగో చేరేసరికి జులై ముగిసింది. రెండు నెలలు. ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో విమానంలా ఆయన కూడా తూర్పు దారినే పట్టాడు.

టికెట్ కొనే ముందు

తేదీలు మోసం చేస్తాయి. చలికాలంలో షికాగో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం రెండున్నరకు దిగినట్టు కనిపిస్తుంది. పదిన్నర గంటలే అనుకుంటారు. అసలు గడిచినవి 22. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అక్కడి గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, తేడా పదిన్నరకు దిగుతుంది. అందుకే టికెట్ మీద బయల్దేరే వేళ, చేరే వేళ కాకుండా మొత్తం ప్రయాణ సమయం అన్న గడి చూడాలి.

తక్కువ సమయం ఉన్న టికెట్టే మేలని కూడా అనుకోవద్దు. మధ్యలో గంటంబావు ఉన్న కనెక్షన్ చిన్నవాళ్లకు సరే, వీల్‌చైర్ కోసం ఎదురుచూడాల్సిన మనిషికి మూడు గంటలుంటేనే నింపాది. అమెరికాలో మొదట దిగే ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. కాబట్టి న్యూయార్క్‌లో దిగి షికాగో విమానం మారే టికెట్ ఎంత చవగ్గా వచ్చినా ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లకు కొనకండి. షికాగోలోనే మొదట దిగేలా చూడండి. అబుదాబి మీదుగా వెళితే అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులు అక్కడే ఉంటారు, ఆ తనిఖీ అయిపోయాక షికాగోలో నేరుగా పెట్టెల దగ్గరికి నడిచిపోవచ్చు. అలాంటి తనిఖీ ముందే అవ్వని దారుల్లో వచ్చినవాళ్లు ఓహేర్ టెర్మినల్ 5లో వరసలో నిలబడాలి. విమానాలు ఒకదాని వెంట ఒకటి దిగే మధ్యాహ్నాల్లో అది గంట దాటడం వింత కాదు. తీసుకెళ్లడానికి వచ్చే పిల్లలు విమానం దిగే వేళకు ఆ గంట కూడా కలుపుకుని పార్కింగ్ చూసుకోవాలి. ముందే వచ్చి అమ్మకు ఫోన్ మీద ఫోన్ చేస్తే, లోపల వరసలో ఫోన్ వాడొద్దన్న బోర్డు ముందు నిలబడి ఆమె ఎత్తలేక, ఎత్తకుండా ఉండలేక ఇబ్బంది పడుతుంది.